కుంకుమ పట్టిన తుపాకి

తాత నుంచి మనవడికి దిగేవాటిలో భూమికి పాసుపుస్తకం ఉంటుంది, బంగారానికి తూకం ఉంటుంది, అప్పుకు ప్రోనోటు ఉంటుంది. తుపాకికి మాత్రం ఒక ప్రశ్న ఉంటుంది. నీకెందుకు? అని. స్టేషన్లో అడుగుతారు, తహసీల్దారు ఆఫీసులో అడుగుతారు, పెళ్లి భోజనాల్లో పక్కాకు ముందు కూర్చున్న బంధువూ అడుగుతాడు. మా గొడ్లసావిట్లో కపిల బాన తాలూకు ఇనప చట్రం ఇప్పటికీ వేలాడుతోంది. కపిల తోలిన బావి నాకు ఊహ తెలిసేనాటికే ఎండిపోయింది. ఆ చట్రం ఎందుకుంచుకున్నారని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. తుపాకి విషయంలో అడగడం న్యాయమే అనుకోండి. అడగని దేశాల సంగతి పేపర్లో చదువుతూనే ఉన్నాం.

మాది సత్యవేడు దగ్గర పల్లె. తాత కొన్నది ఊళ్లల్లో కనిపించే రెండు గొట్టాల తుపాకి కాదు. బెల్జియంలో ఎఫ్‌ఎన్ కంపెనీ చేసిన బ్రౌనింగ్ ఆటో-5, 12 బోరు. గొట్టంలో ఒకటి, దాని కింద నాళంలో నాలుగు, మొత్తం ఐదు తూటాలు పడతాయి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలి, ఖాళీ తొడుగు దానంతటదే బయటికి ఎగిరిపోయి, తరవాతిది దానంతటదే వచ్చి గొట్టంలో కూర్చోవాలి. సెమీ ఆటోమాటిక్ అంటే అది. ఊళ్లో మాత్రం ‘ఐదు తూటాల తుపాకి’ అనేవాళ్లు. వీపు గూనిలా లేచి, అక్కడ కోసేసినట్టు నిలువుగా దిగిపోయే ఆకారం. ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు.

స్వాతంత్ర్యం వచ్చాక దొరలు సామాన్లమ్ముకుని ఓడలెక్కుతున్న రోజుల్లో మద్రాసు మౌంట్ రోడ్డులో ఇలాంటివి చౌకగా దొరికేవట. గడియారాలకు పేరుపడ్డ పి. ఓర్ అండ్ సన్స్ వాళ్లు కూడా ఆ కాలంలో తుపాకులు అమ్మేవాళ్లు. మా తాత ఏ దుకాణంలో కొన్నాడో తెలిపే రసీదు మాత్రం ఇంట్లో లేదు. చెనక్కాయ చేల మీద, చెరుకు తోటల మీద పడే అడవి పందుల కోసం కొన్నాడన్నది ఇంట్లో చెప్పుకునే కథ. నేను పూర్తిగా నమ్మను. పందిని బెదరగొట్టడానికి తప్పెట చాలు, మంచె మీద పడుకున్న కుర్రాడి కేక చాలు. మరీ కాదంటే ఒక్క గొట్టం తుపాకి చాలు. ఆ ఐదు తూటాలు పక్క ఊరి పెద్దమనుషుల కోసం. వాళ్ల మీద పేల్చడానికని కాదు లెండి, ఉందని వాళ్లకు తెలియడానికి. వాళ్లింట్లో రెండు గొట్టాలుంటే మా ఇంట్లో ఐదు తూటాలు. ఆ లెక్క తాతకు పంటల లెక్కకంటే ముఖ్యమై ఉంటుంది.

ఈ తుపాకి ఇల్లు కదలకుండా మూడు జిల్లాలు తిరిగింది. మొదటి లైసెన్సు మీద ముద్ర చెంగల్పట్టు జిల్లాది. అప్పట్లో సత్యవేడు మద్రాసు రాష్ట్రంలో, ఆ జిల్లాలో ఉండేది. హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిగా కూర్చుని తేల్చిన పంపకం మీద 1959లో సరిహద్దుల మార్పు చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు ఇటు వచ్చింది. లైసెన్సు పుస్తకంలో ముద్ర చిత్తూరుకు మారింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా పుట్టాక మళ్లీ మారింది. మాకు సరిహద్దు పెద్దగా పట్టదు. ఊత్తుకోటలో కూరగాయలు కొంటాం, సురుటుపల్లిలో దండం పెట్టుకుంటాం, మద్రాసు ఆస్పత్రులకు పోతాం. సగం మాటలు తెలుగులో మొదలై అరవంలో ముగుస్తాయి. తుపాకికి మాత్రం సరిహద్దు గట్టిగా పడుతుంది. లైసెన్సులో తమిళనాడు పేరు లేకపోతే, ఊత్తుకోట అరగంట దూరమే అయినా, ఆ గీత దాటించడం నేరం. మద్రాసులో కొన్న వస్తువును మద్రాసుకు రిపేరుకి తీసుకుపోలేకపోవడం వెనక ఉన్న కథ ఇది.

నాయనకు 70 దాటాయి. 2016 నాటి ఆయుధ నిబంధనల్లో ఒక మంచి వెసులుబాటు ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు వచ్చినా, తుపాకి అతని దగ్గర 25 ఏళ్లున్నా, ఏది ముందైతే అప్పుడు దాన్ని వారసుడి పేరు మీదికి మార్చమని అడగొచ్చు. చావుదాకా ఆగక్కర్లేదు. భూముల దగ్గర మన పెద్దవాళ్లు ఈ తెలివి చూపించి ఉంటే సగం సివిల్ కోర్టులు మూతపడేవి. మిగిలిన వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఆయుధాన్ని భద్రంగా పట్టుకోవడం, దాచడం నేర్చుకున్నట్టు శిక్షణ పత్రం కావాలి. దేశం మొత్తానికీ ఉన్న జాబితాలో లైసెన్సుకు ఒక ప్రత్యేక సంఖ్య పడాలి. రెండు గొట్టాల తుపాకి అయితే కలెక్టరు దగ్గరే తేలిపోతుంది. సెమీ ఆటోమాటిక్‌ను నిబంధనల్లో మొదటి వర్గంలో పెట్టారు. దాని అనుమతి కేంద్ర హోం శాఖ చేతిలో ఉంటుంది. తాత గొప్పకోసం కొన్న ఐదు తూటాల బరువు మనవడి ఫైలు మీద పడింది. ఢిల్లీ దాకా మోయాల్సి వచ్చింది.

అన్నట్టు, ‘ఎందుకు’ అన్న గడిలో ఏం రాయాలో అని ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ఆత్మరక్షణ అని రాద్దామంటే, మా మీదికొచ్చే శత్రువులెవరూ లేరు. పంట రక్షణ అని రాద్దామంటే, 1972 వన్యప్రాణి చట్టం తరవాత పంది మీదికి తుపాకి ఎత్తడానికి వేరే అనుమతి కావాలి. చివరికి కుటుంబ వారసత్వం అనే రాశాం. 2019 సవరణ ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించినప్పుడు, వారసత్వంగా వచ్చేవీ ఆ రెండింటి లెక్కలోకే వస్తాయని రాసింది. అంటే మమకారం అనేది ఒకటుంటుందని చట్టానికి తెలుసు. దానికి హద్దు ఉండాలనీ తెలుసు. నాకు ఈ రెండూ సబబుగానే తోచాయి.

వారసత్వమే అయితే ఇక అది పనిచేయాల్సిన అవసరమేముంది? మా చిన్నాన్న వేసిన ప్రశ్న ఇది. గోడకు తగిలించు, లేదా స్టేషన్లో ఇచ్చేయ్ అన్నాడు. గోడకు తగిలించడం కుదరదు. పనిచేయని తుపాకి కూడా చట్టం దృష్టిలో తుపాకే, తాళం వేసి పెట్టాల్సిందే. ఇచ్చేయమన్నది మాత్రం మంచి సలహా. పదిమందిలో తొమ్మిదిమందికి నేనూ అదే చెప్తాను. నా మటుకు నాకు, అది ఏ పని కోసం పుట్టిందో ఆ పని చేస్తుండగా ఒకసారి చూడకుండా ఇచ్చేయడానికి మనసొప్పలేదు. నాయన చేతిలో అది పేలగా చిన్నప్పుడు చూశాను. ప్రతి తూటాకీ పక్కనున్న పిడి పట్టుకుని బోల్టును చేత్తో లాగి, ఖాళీ తొడుగును వేలితో పెరికి, ఇంకోటి పెట్టేవాడు. దాని తీరే అంత అనుకున్నాం.

దాన్ని తయారుచేసిన మనిషి గురించి చదివాక నిలవలేకపోయాను. జాన్ మోజెస్ బ్రౌనింగ్ అమెరికాలో యూటా రాష్ట్రం ఆగ్డెన్ ఊరివాడు. తండ్రిదీ తుపాకుల పనే. ఈ తుపాకికి 1900లో పేటెంటు తీసుకుని, అప్పటిదాకా తన నమూనాలు ఎన్నో కొంటూ వచ్చిన వించెస్టర్ కంపెనీకి చూపించాడు. ఈసారి ఒక్క మొత్తంగా డబ్బు వద్దు, అమ్మిన ప్రతి తుపాకి మీదా వాటా కావాలన్నాడు. వాళ్లు ఒప్పుకోలేదు. రెమింగ్టన్ కంపెనీకి వెళ్లాడు. 1902 జనవరి 8న ఆయన బయట గదిలో ఎదురుచూస్తుండగానే ఆ కంపెనీ అధినేత మార్సెలస్ హార్ట్‌లీ గుండె ఆగి చనిపోయాడు. బ్రౌనింగ్ నమూనాను తీసుకుని ఓడెక్కి బెల్జియం వెళ్లి లీజ్ పక్కనున్న ఎర్‌స్టాల్ ఊళ్లో ఎఫ్‌ఎన్‌తో ఒప్పందం చేసుకున్నాడు. మా తుపాకి మీద ఇంగ్లీషు పేరు, బెల్జియం ముద్ర కలిసి ఉండటానికి కారణం వాటా దగ్గర కుదరని ఆ బేరం. రెమింగ్టన్ వాళ్లూ తరవాత అదే నమూనాను మోడల్ 11 పేరుతో చేశారు. బ్రౌనింగ్ 1926లో ఎర్‌స్టాల్‌లోనే, ఆ ఫ్యాక్టరీలోనే చనిపోయాడు. ఆయన పోయాక కూడా 1998 దాకా ఈ తుపాకి తయారవుతూనే వచ్చింది.

దీని కిటుకు చెప్తే మా ఊళ్లో మొదట ఎవరూ నమ్మలేదు. తుపాకి పేలితే గొట్టం ఉన్నచోటే ఉంటుందని అందరం అనుకుంటాం. దీంట్లో గొట్టమే వెనక్కి నడుస్తుంది. పేలిన దెబ్బకు గొట్టమూ బోల్టూ ఒకదాన్నొకటి పట్టుకుని, తూటా పొడవుకంటే ఎక్కువ దూరమే వెనక్కి జరుగుతాయి. అక్కడ బోల్టు ఆగిపోతుంది, గొట్టం దాన్ని వదిలేసి స్ప్రింగు తోపుకు ముందుకు పరిగెడుతుంది. ఆ ఎడంలో ఖాళీ తొడుగు బయటికి ఎగురుతుంది, కింది నాళంలోంచి కొత్త తూటా పైకి లేస్తుంది. అప్పుడు బోల్టు దాన్ని తోసుకుంటూ వెళ్లి గొట్టాన్ని మూస్తుంది. ఇదంతా కంటిరెప్ప పడి లేచేలోగా. ఈ నడకలో ఎక్కడ కాస్త జిగురు అడ్డం పడినా మొత్తం ఆగిపోతుంది. గొట్టం సగం దారిలోనే ఆగి తిరిగి ముందుకొచ్చేస్తుంది, ఖాళీ తొడుగు ఉన్నచోటే ఉండిపోతుంది. మా నాయన వేలితో పెరికింది దాన్నే.

తుపాకి రిపేరు చేయడానికీ, పరీక్షించి చూడటానికీ కూడా 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు ఉండాలి. బావి మోటార్లు విప్పి బిగించే మా ఊరి కుర్రాడు దీన్ని చూసి చేతులు నులుముకున్నాడు గానీ, ముట్టుకోనివ్వలేదు. మన రాష్ట్రంలోనే వేరే ఊళ్లో లైసెన్సున్న రిపేరు మనిషి ఒకాయన ఉన్నాడని తెలిసి, కాగితాలన్నీ చంకలో పెట్టుకుని నాయనా నేనూ పోయాం. వయసైన మనిషి. కళ్లద్దాలు నుదుటి మీదే ఉంటాయి, ఎప్పుడూ కిందికి దించడు. తుపాకి చేతికి ఇవ్వగానే గొట్టం నేలకేసి పట్టుకుని బోల్టు వెనక్కి లాగాడు, చిటికెన వేలు లోపల పెట్టి తడిమాడు. అంతటితో ఆగకుండా సన్నటి వెదురుపుల్ల తీసి కింది నాళంలోకి దూర్చి చూశాడు. ‘గొట్టం ఖాళీగా ఉంటే తుపాకి ఖాళీ అనుకుంటారు సార్. దీనికి ఇంకో కడుపుంది’ అన్నాడు.

ముందు చెక్క ఊడదీసి, మూత తిప్పి, గొట్టం లాగాడు. రాలేదు. కిరసనాయిల్లో నానబెట్టి, మమ్మల్ని టీ తాగి రమ్మన్నాడు. తిరిగొచ్చేసరికి గొట్టం బల్ల మీద ఉంది. పొట్టలోంచి గోకి తీసిన మడ్డి ఒక పేపరు మీద కుప్పగా ఉంది. తేనెరంగులో లక్కలా గట్టిపడ్డ నూనె, మధ్యమధ్య ఎర్రటి పొరలు. ఆయన గోటితో ఒక పెచ్చు విరిచి వాసన చూశాడు. ‘ఇది కుంకుమే కదా సార్?’ అని అడిగాడు. ఏదో పాపం చేసినవాళ్లలా మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

కుంకుమే. మా వైపు ఆయుధపూజ గట్టిగా చేస్తారు. సరిహద్దు ఊళ్లం కదా, అరవ దేశపు పట్టింపు కొంత అంటుకుంది. లారీకీ, ట్రాక్టరుకీ, కుట్టుమిషనుకీ, కొడవలికీ అన్నిటికీ బొట్టు పెడతారు. మహర్నవమి రోజు పెట్టెలోంచి తుపాకి బయటికొస్తుంది. నాయన గుడ్డకు నువ్వుల నూనె అద్ది పైనుంచి కిందిదాకా తుడిచేవాడు. మా అవ్వ ఉన్నన్నాళ్లూ అవ్వ, తరవాత అమ్మ, గంధం పూసి కుంకుమ పెట్టేవాళ్లు. బొట్టు ఎక్కడ పెట్టాలి? ముఖం ఎక్కడుంటే అక్కడ. ఆ తుపాకికి ముఖమంటూ ఉంటే, కుడిపక్కన ఖాళీ తొడుగు ఎగిరిపడే కంత దగ్గరే ఉంటుంది. అక్కడే బోల్టు మెరుస్తూ కనిపిస్తుంది. ఏటా ఆ కంత అంచున వేలు నిండా కుంకుమ. కొంత బయట నిలిచింది, కొంత లోపలికి జారింది. నువ్వుల నూనె ఇనుము మీద పలచగా పూసి గాలికి వదిలేస్తే ఏళ్లు గడిచేకొద్దీ ముదిరి వార్నిష్‌లా బిగుస్తుంది. పోపులోకి అది దివ్యంగా ఉంటుంది, యంత్రానికి మాత్రం పనికిరాదు. ఏటా కొత్త పొర, పొర మీద కొత్త కుంకుమ. మూడు తరాల భక్తి కలిసి గొట్టాన్ని పట్టుకుని కూర్చుంది.

రిపేరు సాగినంతసేపూ నా బుర్ర మాత్రం ఆ పేపరు మీది కుప్ప చుట్టూనే తిరిగింది. మేం దాన్ని నిర్లక్ష్యం చేశామని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఒక్క ఏడాది కూడా పూజ తప్పలేదు. చెడగొట్టింది ఆ పూజే. మా చెరువు సంగతీ ఇలాగే ఉంది. మొరవ పోయిన ఏడాది గంగమ్మకు వేటలు కోసి, పంబ పెట్టి, వైభవంగా చేస్తాం. చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువలో మాత్రం సర్కారు తుమ్మ చెట్లు మనిషెత్తు లేచాయి. తూము తలుపు తుప్పు పట్టి ఎత్తడానికి రాదు. పూడిక తీద్దామంటే ఊళ్లో పది పారలు కదలవు. అమ్మవారికి చీర మాత్రం పట్టుదే కడతాం. దేవుణ్ణి చేసిన వస్తువును విప్పి చూడటానికి చెయ్యి రాదు మనకు, మరలు తిప్పడం అపచారంలా అనిపిస్తుంది. సురుటుపల్లిలో విషం మింగిన శివుడు పవళించి ఉంటాడు. ఆయన పడుకోవడానికి కారణముంది, అక్కడ దండం పెట్టుకోవచ్చు. మా తుపాకి పవళించడానికి కారణం జిగురు.

భక్తి అక్కర్లేదని నేననడం లేదు. ఆ రిపేరు మనిషి కూడా పని మొదలుపెట్టే ముందు బల్లను తాకి కళ్లకద్దుకున్నాడు. తరవాత గుడ్డ తీశాడు. ఆ వరస నాకు నచ్చింది.

మడ్డి వదిలాక అసలు తుపాకి కనిపించింది. గొట్టం మొదట్లో, చెక్క కింద ఎప్పుడూ దాగుండే చోట, కిరీటం కింద కోడిగుడ్డు ఆకారం గీతలో ‘ఈఎల్‌జీ’ అన్న మూడక్షరాలు ఉన్నాయి. లీజ్ నగరంలో తుపాకులను గట్టిమందుతో పేల్చి పరీక్షించే సంస్థ వేసే ముద్ర అది. ఆ సంస్థ 1672 నుంచీ ఉంది. గోల్కొండలో తానీషా గద్దెక్కిన ఏడాది అన్నమాట. ఆ ముద్ర పక్కన తూటా కూర్చునే గది కొలత చూసుకోవాలి, అది చాలా ముఖ్యం. పాత బెల్జియం తుపాకుల్లో ఆ గది 65 మిల్లీమీటర్లు ఉండొచ్చు, 70 ఉండొచ్చు. 65 గదిలో 70 తూటా కూడా పైకి చక్కగానే పడుతుంది. పేలాక తొడుగు నోరు విచ్చుకోవడానికి చోటు చాలక లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. మన పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీ చేసే తూటాల్లో రెండు పొడవులూ ఉన్నాయి. దుకాణంలో ‘12 బోరు’ అని మాత్రమే అడిగి తెచ్చుకునేవాళ్లు ఈ ఒక్క అంకె తెలుసుకుంటే మేలు. పెద్దాయన కొలకడ్డీ పెట్టి చూసి మాది 70 అని తేల్చాడు.

ఇక లోపల ఉండే ఒక రింగు సంగతి. కింది నాళం చుట్టూ పెద్ద స్ప్రింగు ఉంటుంది. దాని మీద ఒక ఉక్కు రింగు, ఆ పైన చీలిక ఉన్న కంచు ముక్క. గొట్టం వెనక్కి వచ్చేటప్పుడు ఈ రెండూ కలిసి నాళాన్ని బిగించి పట్టుకుని దాని వేగాన్ని తగ్గిస్తాయి, బ్రేకు అన్నమాట. ఎల్‌జీ లాంటి పెద్ద గుళ్ల బరువు తూటాలకు ఉక్కు రింగు స్ప్రింగుకూ కంచు ముక్కకూ మధ్య, ఏటవాలు అంచు కంచు వైపుకు వచ్చేలా ఉండాలి. సన్న రవ్వల తేలిక తూటాలకు అదే రింగును తీసి స్ప్రింగు అడుగున పెట్టేయాలి, అక్కడ దానికి పనుండదు. తేలిక తూటాకు బ్రేకు ఎక్కువైతే తొడుగు బయటికి రాదు. బరువు తూటాకు బ్రేకు లేకపోతే గొట్టం గుద్దుకుని ముందు చెక్క చీలిపోతుంది. కంపెనీ ఇచ్చే కాగితంలో ఈ రెండు పద్ధతులకూ బొమ్మలుంటాయి. మాకు తుపాకి వచ్చింది, కాగితం రాలేదు.

మా ముందు చెక్కకు ఒక పగులు ఉంది. దాని మీద రాగి తీగ వరసగా, తీగకు తీగ ఆనేలా చుట్టి, కొసను చెక్కలోకి మడిచి దింపి, పైన లక్క పోశారు. మా ఊరి ఆచారి పని అయ్యుంటుంది. పెద్దాయన ఆ తీగమీద బొటనవేలు రాస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ‘దీన్ని విప్పను సార్, నేను కడితే ఇంత బాగా రాదు’ అన్నాడు. రింగు మాత్రం బరువు తూటాల స్థానంలో సరిగ్గా ఉంది. కథ అప్పుడు బోధపడింది. తాత మొదట్లో రింగు తెలియక ఎల్‌జీ కాల్చి చెక్క చీల్చుకున్నాడు. ఎవరినో అడిగి తెలుసుకుని సరిచేశాడు, చెక్క కట్టించాడు. ఆ తరవాత ఎల్‌జీ తప్ప కాల్చలేదు, రింగు మార్చలేదు. నాయన కాలానికి పందుల మీద ఎల్‌జీ కాల్చడం పోయింది. పిట్టలను తోలడానికి తెచ్చిన సన్న రవ్వల తూటాలే ఇంట్లో మిగిలాయి. బ్రేకు మాత్రం తాత బిగించినట్టే ఉండిపోయింది. తాత తెలుసుకున్న ముక్క కొడుక్కి చెప్పలేదు. అప్పట్లో తండ్రులు కొడుకులకు చెప్పినవి తక్కువే లెండి, తుపాకి దగ్గరే ఎందుకు చెప్తారు?

నాళం చుట్టూ ఉన్న పెద్ద స్ప్రింగు కుంగిపోయింది. దానికి బదులు పెద్దాయన తన డబ్బాలోంచి ఇంకోటి తీసి, రెండూ పక్కపక్కన నిలబెట్టి చూపించాడు. పాతది ఎంత పొట్టిదైపోయిందో కళ్లకు కట్టింది. మడమకట్టె లోపల బోల్టును తోసే ఇంకో స్ప్రింగు ఉంటుంది. అది బాగానే ఉంది, తుడిచి పెట్టేశాడు. నాళానికి పల్చటి మిషన్ ఆయిల్ పూసి, పూసినదాన్ని మళ్లీ గుడ్డతో తుడిచేశాడు. ‘నూనె ఉందని తెలియాలి, కనిపించకూడదు’ అన్నాడు. రింగును స్ప్రింగు అడుక్కి దించాడు.

పరీక్ష ఆయనకు అనుమతి ఉన్న చోటే, మట్టికట్ట ముందు జరిగింది. మొదట ఒక్క తూటా. పేలింది, ఖాళీ తొడుగు కుడివైపు గాల్లోకి లేచి చాలా దూరం పోయి పడింది. బోల్టు వెనకే ఆగి నిలబడింది. తరవాత రెండు పెట్టి నాయన చేతికిచ్చాడు. నాయన మొదటిది కాల్చి, అలవాటు కొద్దీ కుడిచేత్తో పిడి పట్టుకుని బోల్టు లాగబోయాడు. ‘లాగొద్దు సార్, మళ్లీ నొక్కండి’ అని పెద్దాయన కేకేశాడు. నాయన నొక్కాడు. రెండోది పేలింది. తుపాకి కిందికి దించి, దాని వైపు కాసేపు చూసి, ‘ఇది ఇట్లా పనిచేస్తాదని నాకు తెలీదురా’ అన్నాడు. దాని లైసెన్సు తన పేరు మీద ఉన్నన్నేళ్లూ, ప్రతి ఎన్నికలకూ దాన్ని మోసుకెళ్లి స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకున్న మనిషి ఆయన. 2024లో కూడా మార్చిలో ఎన్నికల నియమావళి మొదలయ్యాక ఇచ్చి, జూన్‌లో ఫలితాలు వచ్చాక తెచ్చుకున్నాడు. ఎవరి మీదా గురిపెట్టని తుపాకి ప్రజాస్వామ్యానికి అన్నిసార్లు హాజరు వేసుకుంది గానీ, తనలోని రెండో తూటాను ఆయనకు ఒక్కసారీ చూపించలేదు.

ఇప్పుడు దాంతో ఏం చేస్తావని మళ్లీ అడుగుతున్నారు. ఏమీ చేయను. పందులు ఇప్పటికీ వస్తాయి, శ్రీసిటీ ఫ్యాక్టరీల గోడలు లేచాక వాటి దారులు మారి ఇంకాస్త ఎక్కువే వస్తున్నాయని మా రైతుల మాట. కొందరు చేను చుట్టూ పాత చీరలు కడతారు, కొందరు సోలారు కంచె వేస్తారు. కొందరు దొంగ కరెంటు తీగ లాగుతారు. ఆ తీగకు పందికంటే ముందు పక్క చేని మనిషో ఆవో తగులుతోంది. దానికంటే తుపాకే నయమని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన అటవీ శాఖ ముందు పెట్టాల్సిందే గానీ, నా పెట్టె తాళం తీయించడానికి అది చాలదు. తుపాకి ఇనప బీరువాలో ఉంటుంది, తూటాలు వేరేచోట వేరే తాళం కింద ఉంటాయి. పోయిన మహర్నవమికి అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని వస్తే, బీరువా తలుపు మీద పెట్టమన్నాను. కొంచెం నొచ్చుకుంది గానీ పెట్టింది. బీరువా లోపల రింగు ఎప్పుడు ఎక్కడుండాలో బొమ్మ వేసి, తెలుగులో రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. నా తరవాత వచ్చేవాళ్లకు మమకారం లేకపోయినా పరవాలేదు, అప్పగించడానికి తీసుకెళ్లేటప్పుడైనా లోపలి కడుపు చూసుకోమని అందులోనే మొదటి వాక్యంగా రాశాను.

మీ ఇంటి అటక మీదో, ధాన్యం గది మూలో ఇలాంటిదేదైనా ఉంటే, పూజకు ముందు లైసెన్సు పుస్తకం వెతకండి. గడువు తీరిపోయినా, పుస్తకం దొరక్కపోయినా దాన్ని మీరు విప్పకండి, ఊరి మెకానిక్‌కి ఇవ్వకండి, పెళ్లి ఊరేగింపులో పేల్చి చూద్దామని అసలే అనుకోకండి. దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోండి. 1959 చట్టంలో 21వ సెక్షన్ అందుకే ఉంది. ట్రంకుపెట్టె అడుగున అట్ట తొడుగు ఉబ్బి, ఇత్తడి పచ్చబారిన పాత తూటాలుంటే వాటినీ బావిలో పారేయకుండా దాంతో పాటే ఇచ్చేయండి. రసీదులో తుపాకి నంబరు, తూటాల లెక్క రెండూ రాయించుకోవడం మరవకండి.